కుడివైపు సన్నటి ఈల

2015 జూన్. బడులు తెరిచిన వారం. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దాటాక, ఒక బట్టల కొట్టు మేడమీద రెండు గదుల్లో నా రికార్డింగ్ స్టూడియో ఉంది. ఒక గదిలో పాడేవాళ్లు నిలబడతారు, అద్దానికి ఇవతల రెండో గదిలో కంప్యూటరు ముందు నేను కూర్చుంటాను. అప్పటికి ఈ పనిలో పదిహేడేళ్లు గడిచాయి. అమ్మవారి పండగ పాటలు, జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథలు, స్కూలు వార్షికోత్సవాల డాన్సు ట్రాకులు, ఎన్నికలప్పుడు ఆటోల మీద తిరిగే ప్రచారం... నా దగ్గరికి వచ్చే పని ఇలాంటిదే. వచ్చేవాళ్ల గొంతు ఎలా ఉన్నా, వాళ్లేం కోరుకుంటున్నారో రెండు నిమిషాల్లో తెలిసిపోయేది. ఆ రోజు వచ్చిన మనిషి విషయంలో తెలియలేదు.

అతని పేరు గౌరినాయుడు. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్లుంటాయి. సాలూరులో లారీ డ్రైవరు. విశాఖపట్నం రేవు నుంచి సరుకెత్తుకుని సాలూరు మీదుగా ఘాటీ కొండదారి ఎక్కి, ఒరిస్సా దాటి రాయపూర్ దాకా పోయే బండి. భుజానికి లాప్‌టాప్ సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడి, "పాటలు సాఫు సేస్తారట గదా మేడం" అని అడిగాడు. పాడేది ఎవరన్నాను. ఎవరూ పాడరన్నాడు. వాయించేది ఎవరంటే, తానొక్కడే అంతా చేశానన్నాడు.

అతను చెప్పిన కథ ఇది. నాలుగేళ్ల కిందట ఒక దూరపు లోడు మీద పోయి పూణేలో సరుకు దింపడానికి వరసలో రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. పక్క గోడౌన్ సౌండు సిస్టమ్‌లు అద్దెకిచ్చేవాళ్లది. మధ్యాహ్నం పూట అక్కడి మెకానిక్కు స్పీకర్లు బయటపెట్టి పరీక్ష చేస్తూ ఏదో సంగీతం వేశాడు. మాట లేదు, పల్లవి లేదు. ఒకే దెబ్బ, దాని కింద బరువైన బేస్, ఎప్పుడో ఒకసారి ఒక స్వరగుచ్ఛం. గౌరినాయుడు గోడ పక్కన రెండు గంటలు నిలబడిపోయాడట. దాన్ని డీప్ హౌస్ అంటారని ఆ మెకానిక్కే చెప్పాడు. ఓ పాతిక ట్రాకులు మెమరీ కార్డులో వేసి కూడా ఇచ్చాడు. వాటిలో అన్నిటికంటే తక్కువ శబ్దాలున్నవే ఇతనికి నచ్చాయి. ఆ రకాన్ని మినిమల్ అంటారని తర్వాత తెలుసుకున్నాడు. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి సంపాదించి, ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు. లోడింగు కోసం ఆగిన చోటల్లా కేబిన్లో కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చేసుకుంటూ వచ్చాడు.

ఇప్పుడు నాలుగు ట్రాకులు తయారయ్యాయి. ఇంటర్నెట్‌లో ఇలాంటి సంగీతాన్ని విడుదల చేసే ఒక చిన్న విదేశీ కంపెనీకి పంపితే, బాగుంది, మాస్టరింగ్ చేయించి సెప్టెంబరులోగా పంపమని జవాబు వచ్చింది. మాస్టరింగ్ అంటే చివరి మెరుగు. పెద్ద స్పీకర్లో విన్నా, ఫోన్లో విన్నా పాట ఒకేలా నిలబడేలా హెచ్చుతగ్గులు సరిచేయడం. ఆ మెయిలు ప్రింటు తీయించి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. నాకు చూపించి మళ్లీ జాగ్రత్తగా మడతపెట్టాడు.

మొదటి ట్రాకు వేశాను. దాని పేరు "సుంకి". సాలూరు దాటాక ఘాటీ పైన వచ్చే ఊరు పేరది. దెబ్బ మొదలైంది. నిమిషానికి నూట ఇరవై చొప్పున, తప్పకుండా, తడబడకుండా. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి. పాట ఇంకా మొదలవలేదనే అనుకుంటున్నాను. ఉండబట్టలేక అసలుది ఎప్పుడొస్తుందని అడిగేశాను.

గౌరినాయుడు నవ్వలేదు, నొచ్చుకోలేదు. "ఇదే మేడం అసలుది. ఘాటీ ఎక్కినప్పుడు బండి ఇలగే ఉంటాది. సెకండు గేరు, ఒకటే మోత. ఏటీ మారినట్టుండదు. పైకొచ్చి ఎనక్కి సూస్తే కిందనున్న ఊరు అగుపడదు" అన్నాడు.

మళ్లీ మొదటి నుంచి వేశాను. ఈసారి తొందరపడకుండా విన్నాను. దెబ్బ మారడం లేదు గాని, దాని వెనక బేస్ ఒక్కో వెంట్రుకవాసి చొప్పున తెరుచుకుంటోంది. తార్పాలిన్ మీద బిగించిన తాడు కిర్రుమనే చప్పుడును ఫోన్లో పట్టి, తాళంలా వాడాడు. మూడో నిమిషానికి అది వచ్చింది. ఐదో నిమిషానికి నిజంగానే నేను మొదలుపెట్టిన చోట లేను. పదిహేడేళ్లుగా ఖాళీ కనిపిస్తే చాలు అందులో కీబోర్డు నింపమనేవాళ్లనే చూశాను. ఖాళీని అట్టే పెట్టుకున్న మనిషిని చూడడం అదే మొదటిసారి. నాకు కుతూహలం పట్టుకుంది. పని ఒప్పుకున్నాను.

ఆ రోజే ఒక సలహా కూడా ఇచ్చాను. తర్వాత చాలాకాలం నన్ను బాధపెట్టిన సలహా అది. అతని ఇయర్‌ఫోన్లు బస్టాండు దగ్గర అమ్మే రకం. వాటితో తప్పులు తెలియవని చెప్పి, స్టూడియోలో ఉన్న పాత హెడ్‌ఫోన్ల జత ఒకటి ఇచ్చాను. చెవుల్ని పూర్తిగా మూసేసే మంచి రకం. కాస్త సౌండు పెంచి వింటే సన్న సన్న లోపాలు కూడా దొరుకుతాయన్నాను. అప్పుడే అతను, కుడివైపు ఎప్పుడూ కొంచెం తక్కువ వస్తుంది మేడం, పెంచుకుంటూ ఉంటానన్నాడు. వైరు పాడై ఉంటుందన్నాను. ఇంకో ప్రశ్న వేయలేదు.

అతను వెళ్లాక నాలుగు ట్రాకులూ వరసగా పరీక్షించాను. ఇందాక బేస్ మీదే ధ్యాసపెట్టి పట్టించుకోలేదు గాని, అన్నిట్లోనూ ఒక లోపం కనిపించింది. కుడివైపు నుంచి సన్నటి ఈల. పళ్లెం మీద గాజుముక్క గీసినట్టు, ఎక్కడా ఆగకుండా, మొదటి నుంచి చివరి దాకా. మా దగ్గర స్పెక్ట్రమ్ ఎనలైజర్ అని ఉంటుంది. శబ్దంలో ఏ ఎత్తున ఎంత బలం ఉందో బొమ్మ గీసి చూపిస్తుంది. అందులో ఆరువేల హెర్ట్జ్ దగ్గర సూదిలా ఒక గీత నిలబడి ఉంది. కేబిన్లో ఇన్వర్టరు మీద లాప్‌టాప్ నడిపితే ఇలాంటి రొద దూరడం మామూలే. పైగా చిన్నగా కూడా లేదు. కాసేపు వినేసరికి నాకు పళ్లు జివ్వుమన్నాయి. నాచ్ ఫిల్టర్ వేసి దాన్ని తీసేశాను. చుట్టూ ఉన్నది చెడకుండా ఒక్క సన్నటి స్వరాన్ని మాత్రం చెక్కి తీసే పరికరం అది. నాలుగు ట్రాకులూ శుభ్రమయ్యాయి. మంచి పని చేశానని నాకు నేనే మెచ్చుకున్నాను.

రెండు వారాల తర్వాత, ఒక గురువారం మధ్యాహ్నం గౌరినాయుడు వచ్చాడు. రాయపూర్ నుంచి తిరుగు లోడుతో వచ్చి, బండిని ఊరి బయట పెట్టి, ఆటోలో వచ్చాడు. స్పీకర్ల మధ్య కుర్చీలో కూర్చోబెట్టి నాలుగో ట్రాకు వినిపించాను. దాని పేరు "న్యూట్రల్". నాలుగింటిలో అన్నిటికంటే ఖాళీగా ఉండేది అదే. మధ్యలో దెబ్బ కూడా ఆగిపోయి, ఇరవై సెకన్ల పాటు దాదాపు ఏమీ ఉండదు.

అతను కళ్లు మూసుకుని విన్నాడు. ఆ ఖాళీ వచ్చినప్పుడు ముఖం విప్పారింది. "ఇదక్కా" అన్నాడు. మేడంని కాస్తా అక్కనయ్యాను. "ఆ ఈల ఇప్పుడు సరిగ్గా కుదిరినాది. నాను పెట్టినప్పుడు మోటుగా ఉండేది. మీరు సన్నం సేసినారు."

ఏ ఈల అని అడిగాను. కుడివైపుది అన్నాడు.

అది పొరపాటున దూరిన రొద అనుకున్నాను, అతనే పెట్టాడని అప్పుడే తెలిసింది. కాని నన్ను ఆపేసిన విషయం వేరు. ఆ ఈల ఇప్పుడు ట్రాకులో లేదు. తెర వైపు చూశాను. ఆరువేల దగ్గర గీత లేదు. వేరే ఫైలు వేశానేమోనని పేరు చూశాను. సరైనదే. మళ్లీ ఆ ఖాళీ దగ్గర నుంచి వేసి, వినపడినప్పుడు చెయ్యెత్తమన్నాను. వెంటనే ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచాడు. నేను నెమ్మదిగా ట్రాకు ఆపేశాను. స్పీకర్ల స్విచ్చు కూడా తీసేశాను. చెయ్యి దిగలేదు.

"గౌరినాయుడూ, పాట ఆపేశాను" అన్నాను.

"తెలుసక్కా."

"ఈల ఇంకా వినిపిస్తోందా?"

"ఆపేసినా ఉంటాది గదా" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ. "ఏ సప్పుడూ లేనప్పుడు వచ్చే సప్పుడే గదా అది. మీకు ఇనపడదేటి?"

ఆ గది గోడలకు నాలుగంగుళాల దూది పొర ఉంది. కిటికీలు లేవు. ఏసీ ఆపి ఉంది. నా మట్టుకు నాకు ఆ గదిలో ఏమీ వినపడడం లేదు. ఆ మాటే చెప్పాను. అతను నన్ను నమ్మలేదు. నేను ఆటపట్టిస్తున్నాననుకున్నాడు.

తర్వాత మెల్లగా అడిగితే వివరం బయటికొచ్చింది. మూడేళ్లుగా అది అతనికి వినిపిస్తోంది. ఇంజను ఆపగానే మొదలవుతుంది. మొదట్లో ఇంజను వేడి తగ్గేటప్పటి చప్పుడనుకున్నాడు. తర్వాత ఇంట్లో, పొలంలో, అన్నిచోట్లా వినిపించేసరికి నిశ్శబ్దం అంటే ఇదేనని అనుకున్నాడు. చిన్నప్పుడు గమనించలేదు, సంగీతం పట్టుకున్నాక చెవి పదునెక్కి తెలుస్తోంది అనుకున్నాడు. కుడివైపే ఎందుకు వస్తుందనుకున్నావంటే, డ్రైవరు కిటికీ అటే కదా అన్నాడు. ట్రాకుల్లో నిశ్శబ్దం ఉండాలని ఒకసారి ఘాటీ మీద బండి ఆపి ఫోన్లో పది నిమిషాలు రికార్డు చేశాడు. వింటే అందులో ఈల పడలేదు. ఫోను మైకు నాసిరకం, అంత సన్నటిది పట్టలేకపోయింది అనుకుని, సాఫ్ట్‌వేర్లో తానే స్వరం తయారుచేసి, తన చెవిలో ఉన్నదానితో సరిపోయేదాకా ఎత్తు మార్చి, బలం పెంచి, కుడివైపు పెట్టాడు. పట్నాల్లో వినేవాళ్లకు నిశ్శబ్దం దొరకదు కదా, వాళ్లకు పాటతో పాటు కొంచెం పంపుదామని పెట్టానన్నాడు.

నాకు చెవుల వైద్యం తెలియదు. శబ్దం ఎటు నుంచి వస్తోందో తేల్చడం మాత్రం నా పనే. స్పీకర్లు మళ్లీ వేసి, తాళంలాంటి ఒక సన్నటి చప్పుడును ఒక్కో స్పీకరు నుంచి విడిగా పంపాను. ఎడమది బాగా వస్తోందన్నాడు, కుడిది పనిచేయడం లేదన్నాడు. రెండూ ఒకే బలంతో మోగుతున్నాయి. అప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చోమన్నాను. అదే చప్పుడు మళ్లీ పంపాను. ఇందాక పనిచేయలేదన్న స్పీకరు ఇప్పుడు అతనికి వినిపించింది. బాగా వస్తోందన్నది వినపడలేదు.

అతను కుర్చీలోంచి లేచి, రెండు స్పీకర్ల దగ్గరకూ వెళ్లి చేత్తో తాకి చూశాడు. రెండూ వణుకుతున్నాయి. "స్పీకరు మంచిదే అయితే సెడింది నాదన్నమాట" అన్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. తలూపాడు గాని, విడుదల అయ్యాక చూద్దామన్నాడు. చెవి బాగోలేదని కాగితం మీద పడితే ఓనరు బండి దింపేస్తాడు, పద్నాలుగేళ్ల నుంచి తెలిసిన పని అదొక్కటే అన్నాడు. ఇంట్లో చెప్పొద్దని కూడా అడిగాడు. ట్రాకులు ఇమ్మన్నాడు.

నేను ఇవ్వనన్నాను.

అలా అనాలని ముందుగా అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. చెవి పరీక్ష కాగితం తీసుకొస్తేనే ఫైళ్లు ఇస్తానని చెప్పాను. అతను కోపంతో అరిచే మనిషి కాదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, "మిమ్మల్ని పాట సాఫు సెయ్యమన్నాను గానీ నన్ను సెయ్యమన్లేదు గదా" అని దిగి వెళ్లిపోయాడు.

ఆ మాట పది రోజులు నా వెంటే తిరిగింది. అతనన్నదాంట్లో న్యాయం ఉంది. వచ్చిన పని చేసి ఇవ్వడం నా ధర్మం. మనిషి శరీరం సంగతి నేనడగకూడదు. ఇద్దరు ముగ్గురు తోటి రికార్డింగ్ వాళ్లని అడిగితే, ఎవరి చెవి వాళ్లిష్టం, ఫైళ్లు పట్టుకోవడం తప్పన్నారు. నాకూ అలాగే అనిపించింది. పదకొండో రోజు పొద్దున్న, ట్రాకులు నాలుగూ అతని మెయిలుకు పంపేశాను. ఏ షరతూ పెట్టలేదు. కింద మాత్రం, ఎదుటి బండి హారన్ నీకు ఏ చెవితో వినిపిస్తుందో ఒకసారి చూసుకో అని రాశాను.

ఆ మెయిలు అతను చూడనేలేదు. నేను పంపే వేళకు రామభద్రపురం, సాలూరు మధ్య రోడ్డు మీద ఉన్నాడు. ముందున్న సైకిలు మనిషిని తప్పించబోయి బండిని కుడివైపుకు తిప్పాడు. అదే క్షణంలో ఒక ప్రైవేటు బస్సు కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేస్తోంది. లారీ అద్దం ఊడిపోయింది, బస్సు పక్కరేకు ఇంత పొడుగున చీరుకుపోయింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. బస్సు డ్రైవరు దిగొచ్చి చొక్కా పట్టుకుని, అరకిలోమీటరు నుంచి హారన్ కొడుతూనే ఉన్నాను చెవుల్లో సీసం పోసుకున్నావా అని అడిగాడట.

మూడు రోజుల తర్వాత స్టూడియోకి వచ్చాడు. వెంట భార్య కూడా ఉంది. రవణమ్మ. సాలూరులో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టే మనిషి, మాట సూటిగా ఉంటుంది. అతను జరిగింది చెప్పాడు. "బస్సోడు అబద్దం సెప్పట్లేదక్కా. నాకు హారన్ ఇనపళ్లేదు. ఈలే ఇనపడినాది. బస్సులో పిల్లలున్నారు" అన్నాడు.

రవణమ్మకు అతనే అంతా చెప్పేశాడు. ఆమె నా వైపు చూసి, "రెండేళ్లుగా ఇటుపక్కనుంచి పిలిస్తే పలకడమ్మా. నామీద కోపమనుకున్నాను. ఏటి తప్పు సేసినానని అడగడానికి నామోషీ అయ్యి నాను కూడా పిలవడం మానేసినాను" అంది. అతను తల వంచుకుని విన్నాడు. రెండేళ్లు ఒకే ఇంట్లో ఇద్దరూ వేరువేరుగా ఎంత మౌనాన్ని మోశారో అప్పుడు అర్థమైంది.

విశాఖపట్నంలో చెవి డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. హెర్ట్జ్‌ల భాష నాకు తెలుసు కదా, డాక్టరు చెప్పేది తిప్పి చెబుదురుగాని రమ్మని వాళ్లే అడిగారు. ఆడియోగ్రామ్ తీశారు. గాజు గదిలో కూర్చోబెట్టి, ఒక్కో ఎత్తు స్వరాన్ని ఎంత చిన్నగా వినిపిస్తే వినగలడో కాగితం మీద చుక్కలు పెడతారు. ఎడమ చెవి గీత దాదాపు తిన్నగా పోయి, చివర్లో కొంచెం ఒంగింది. కుడి చెవి గీత మూడువేల దగ్గర నుంచి జారుతూ, ఆరువేల దగ్గర బావిలో పడ్డట్టు దిగిపోయింది. నేను చెక్కి తీసేసిన సూది సరిగ్గా ఆ బావి మీదే ఉంది.

రెండు చెవుల మధ్య అంత తేడా ఉంటే నరం మీద కణితి లేదని తేల్చుకోవాలని డాక్టరమ్మ స్కానింగు రాసింది. ఫలితం రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అతను నాకు ఫోను చేయలేదు. రవణమ్మ మాత్రం రోజూ చేసింది. ఏమీ అడిగేది కాదు, వర్షం పడుతోందనో, జాకెట్లు ఆలస్యమయ్యాయనో చెప్పి పెట్టేసేది. మూడో రోజు చేసినప్పుడు, ఏమీ లేదట అంది. ఆ తర్వాత చాలాసేపు ఫోనులో ఏడుపు వినిపించింది.

కణితి లేదు. కాగితాలు పట్టుకుని మళ్లీ వెళితే డాక్టరమ్మ వివరించింది. చెడింది చెవి లోపలి సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు. పద్నాలుగేళ్ల కిటికీ గాలి, ఎదురొచ్చే హారన్లు, ఇంజను మోత వాటిని కొట్టేశాయి. అవి మళ్లీ మొలవవు. అక్కడి నుంచి రావలసిన స్వరం రాకపోయేసరికి, ఆ ఖాళీని మెదడే ఈలతో నింపుతుందట. దానికి టినిటస్ అని పేరు. తర్వాత డాక్టరమ్మ ఎడమ చెవి గీత చివరి ఒంపు మీద పెన్ను పెట్టి, ఇదిప్పుడే మొదలవుతోంది, హెడ్‌ఫోన్లు వాడతావా అని అడిగింది. కుడివైపు వినపడాలని పూర్తిగా పెంచి వింటానన్నాడు. అంటే బాగున్న చెవిలో కూడా అంత సౌండూ పోస్తున్నాడన్నమాట.

హెడ్‌ఫోన్లు ఇచ్చింది, పెంచి వినమన్నది నేనేనని ఆ గదిలోనే చెప్పాను. గౌరినాయుడు, ఇయర్‌ఫోన్లతో అంతకుముందు నుంచే వింటున్నాను కదక్కా అన్నాడు. అది నిజమే. అయినా ఆ మొదటి రోజు, కుడివైపు తక్కువ వస్తుంది అని అతను అన్నప్పుడు వైరును అనుమానించాను గాని మనిషిని అడగలేదు. వస్తువుల్లో లోపం వెతకడానికి అంత అలవాటు పడిపోయాను.

ఓనరుకు అతనే వెళ్లి చెప్పాడు. ఆయన కూడా ఒకప్పుడు స్టీరింగు పట్టిన మనిషే. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఘాటీకి వద్దులే గాని సాలూరు యార్డులో బండ్ల రాకపోకలు చూసుకోమన్నాడు. గౌరినాయుడికి అది సంతోషం కాలేదు. కూర్చున్న చోట నుంచి బండ్లు ఘాటీ వైపు తిరగడం చూడడం మొదటి నెలల్లో చాలా కష్టమైందని తర్వాత చెప్పాడు. కుడి చెవికి వినికిడి మిషను పెట్టారు. హెడ్‌ఫోన్లు మానేశాడు. గురువారాల మధ్యాహ్నాలు నా గది ఖాళీగా ఉండేది. అప్పుడు వచ్చి స్పీకర్లలో, మామూలుగా మాట్లాడుకునేంత సౌండుతోనే పని చేసుకోమన్నాను. అంత తక్కువలో విన్నా నిలబడాలంటే ప్రతి చప్పుడూ దాని చోటులోనే ఉండాలి. అతను ఇంకా కొన్ని తీసేశాడు. బేస్ స్వరాలు ఆరు ఉన్నచోట మూడే మిగిలాయి. కుడి ఎడమల తేడా తనకు సరిగా తెలియదు కాబట్టి అన్నిటినీ మధ్యకు తెచ్చాడు. దీన్ని మోనో అంటాం. పెద్ద క్లబ్బుల్లో ఈ సంగీతాన్ని చాలావరకు అలాగే వినిపిస్తారు కాబట్టి నష్టమేమీ లేదని చెబితే నమ్మకం కుదరక, ఆ విదేశీ కంపెనీకి ఉత్తరం రాయించాడు. వాళ్లు రెండు వాక్యాల్లో బదులిచ్చారు. మోనో మంచిదే, గడువు గురించి తొందరపడకు అని.

ఈల సంగతి తేలాల్సి వచ్చింది. అతని అసలు ట్రాకుల్లో అది ఉంది. నేను తీసేసినవాటిలో లేదు. అతనికి మాత్రం రెంటిలోనూ వినిపిస్తుంది. ఉంచమంటే ఉంచుతాను, పాట నీది అన్నాను. వారం ఆలోచించుకుని వచ్చాడు.

"తీసేయండక్కా. అందరికీ ఉన్నదే గదా అని పెట్టినాను. నాకొక్కడికే ఉన్నదైతే ఇంకోళ్ల సెవిలో ఎందుకు పెట్టాల" అన్నాడు. తర్వాత, "ఏ సప్పుడూ లేకపోతే ఎలగుంటాదో మీరు సెప్పండి. నాకు గుర్తు లేదు" అన్నాడు.

చెప్పడానికి ప్రయత్నించాను. ఏమీ ఉండదన్నాను. ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందని అడిగాడు. పదిహేడేళ్లు నిశ్శబ్దం మీద బతికిన మనిషిని, దాని గురించి ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. చివరికి "న్యూట్రల్"లోని ఆ ఖాళీ దగ్గర నుంచి వేసి, నాకిక్కడ నీ తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూడడం మాత్రమే వినిపిస్తోందన్నాను. అతను తలూపాడు. "సాలు. అలగైతే ఆ ఖాళీ పనిసేస్తన్నాది" అన్నాడు.

2016 మొదట్లో నాలుగు ట్రాకులూ విడుదలయ్యాయి. ఎక్కువమంది ఏమీ వినలేదు. విన్న కొందరు ఎక్కడెక్కడి దేశాల నుంచో నాలుగు మాటలు రాశారు. రవణమ్మ వాటిని చదివించుకుని విని, పాట పాడకుండా ఇంతమంది చేత ఎలా మెప్పించావని భర్తను అడిగింది. ఆమె ఎడమవైపు నుంచే అడిగింది. ఆ తర్వాత అతను మరో రెండు విడుదల చేశాడు. యార్డులో గేట్లు, తూకం కాటా, గ్రీసు పట్టే చప్పుళ్లు వాటిలో వచ్చాయి. ఆ మధ్య ఒకసారి ఈల ఇంకా ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ముందు అందరితో కలిసి వింటున్నాననుకునేవాణ్ణి, ఇప్పుడు ఒక్కణ్ణే వింటున్నాను, అదొక్కటే తేడా అన్నాడు.

ఈ వృత్తిలో మాకు శబ్దాన్ని వినడం నేర్పుతారు. రొద కనిపిస్తే తీసేయడం నేర్పుతారు. అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగమని ఎవరూ నేర్పలేదు. ఆ ఈలను రొద అనుకుని తీసేసి, మెరుగుపెట్టిన ఫైళ్లు మెయిల్లో పంపేసి ఉంటే, గౌరినాయుడు దాన్ని విని, బాగుందని జవాబిచ్చి, మళ్లీ ఘాటీ ఎక్కేవాడు. ఎదురుగా కూర్చుని విన్నాడు కాబట్టి తెలిసింది. అందుకే ఇప్పుడు ఎవరికైనా సరే, మొదటిసారి ఫైళ్లు మెయిల్లో పంపను. వచ్చి వినమంటాను.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్లను ఆ దూది గోడల గదిలో కూర్చోబెట్టి, మైకు పెట్టకముందు అర నిమిషం ఊరికే ఉండమని, ఏం వినిపించిందో చెప్పమంటాను. చాలామంది ఏమీ లేదంటారు. జముకుల కథ చెప్పే ఒకామె తన గుండె కొట్టుకోవడం వినిపించిందంది. ఒక హెడ్మాష్టారు బయట బల్లి అరిచిందన్నారు. ఇన్నేళ్లలో ఇద్దరు మాత్రం ఈల అన్నారు. ఆ రోజు వాళ్ల పాట రికార్డు చేయలేదు.